అన్న మొహం మీద పడిన లైటు

మా ఇంట్లో ఒకే ఒక్క ఫోటో ఉండేది. అందులో మేమందరం ఉన్నాం, మా అన్న తప్ప. ఉన్నాడనే చెప్పాలి. చొక్కా గుండీలు కనపడతయ్, మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు కనపడతయ్, మెడ దాకా కనపడతాడు. మెడ పైన, మొహం ఉండాల్సిన చోట, తెల్లటి వెలుగు. అంతే. పటాలానికి పోయే ముందు రాత్రి తీయించిన ఫోటో అది. ఆ పోవడం పోవడం మా అన్న మళ్ళీ రాలేదు. నాకిప్పుడు డెబ్భై దాటినయ్. ఇప్పటికీ ఎవరన్నా ఫోటో తీస్తాం రమ్మంటే ఒళ్ళు మండుద్ది నాకు.

మాది గురజాల దగ్గర పల్లె. ఊరు వేరు, పల్లె వేరు. ఊరు భూములున్న కామందులది, ఊరి బయట పల్లె మాది. నాయన కూలికి పోయేవాడు. ఆదివారం మాత్రం ఉతికిన పంచె కట్టి చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. అమ్మ మిరపకాయల కోతలకి పోయేది. అన్నా, నేనూ మిషను బళ్ళో చదివాం. నా కంటే అయిదారేళ్ళు పెద్ద అన్న. మా ఇద్దరిదీ ఒకే మొహం అనేవాళ్ళు అందరూ. "ఆడపిల్లకి మగ మొహం ఇచ్చాడేందే దేవుడు!" అని చర్చి దగ్గర ముసలమ్మలు నా గడ్డం పట్టుకుని నవ్వేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది.

అవి యుద్ధం రోజులు. వానల్లేక జొన్న పండలేదు. పటాలంలో చేరితే రోజూ అన్నం పెడతారని చెప్పారు. రోడ్లేసే పటాలమంట, తుపాకీ పట్టే పనే ఉండదంట. అన్న గుంటూరు పోయి సంతకం పెట్టొచ్చాడు. అమ్మ నోట్లో మెతుకు పెట్టలేదు. నాయన మాత్రం "నా కొడుకు బూట్లేసుకుంటాడురా!" అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు. మా పల్లె మగాడు చెప్పులేసుకుని ఊరి బజార్న నడిచింది అప్పటిదాకా లేదు మరి. బూట్లంటే మాటలా?

బయల్దేరే ముందు రాత్రి మా వాకిట్లో ప్రార్థన పెట్టించాడు నాయన. దానికి గాసులైట్లు తెప్పించాడు. ఇది కొంచెం విడమరిచి చెప్పాలి, లేకపోతే మా నాయన్ని మీరు ఉత్త మూర్ఖుడనుకుంటారు. ఊళ్ళో కామందుల పెళ్ళిళ్ళకి రాత్రిపూట ఊరేగింపు తీసేవాళ్ళు. గాసులైట్లు నెత్తిన పెట్టుకుని నడిచేది మా పల్లె మగాళ్ళే. మా తాత మోశాడు, నాయన మోశాడు. లైటు సెగకి నడినెత్తిన జుట్టు మాడి నాయనకి అక్కడ బట్టతల. తన పెళ్ళి మాత్రం ఆముదం దీపం ముందు జరిగింది. ఊరి మీదుగా లైట్లు తీసకపోయే హక్కు మాకు లేదు, పల్లెలో వెలిగించుకునే తాహతూ లేదు. అట్లాంటి మనిషి కొడుకు కోసం మొదటిసారి లైట్లు తెప్పించాడు. కిరసనాయిలు కంట్రోలు రోజుల్లో అది ఎక్కడెక్కడ బతిమాలి తెచ్చాడో దేవుడికెరుక. పిల్లకాయలందరం సాయంత్రం నించే ఆ లైట్ల చుట్టూ మూగి చూస్తున్నాం.

ఫోటో తీసేవాడు నరసరావుపేట నించి మధ్యాన్నం బండికి రావాలి. పొద్దుండగానే తీయాలని మాట. పటాలం సామాన్ల బండ్లకి దారివ్వాలని ఆ రోజు మా రైలుని ఎక్కడో ఆపేశారు. మనిషి దిగేసరికి చీకటి పడింది. తెల్లారకముందే అన్న బండెక్కాలి. ఇక తీస్తే ఆ రాత్రే తీయాలి.

వచ్చినవాడు వచ్చినట్టే సణుగుడు మొదలుపెట్టాడు. దుమ్మంట, ఆకలంట, తళుక్కుమనిపించే మందు యుద్ధం మూలాన దొరకడం లేదంట, రాత్రిపూట ఫోటో ఏందంట. అమ్మ జొన్నన్నం పెట్టి చల్ల పోసింది. తిని, కాస్త మెత్తబడి, మూడు కాళ్ళ బల్ల నిలబెట్టి దాని మీద పెట్టె బిగించాడు. నల్ల గుడ్డలో తల దూర్చి చానాసేపు చూశాడు. బయటికొచ్చి, "లైట్లన్నీ నా వెనక పెట్టండి. మీ మొహాల మీద వెలుగు పడాలి, పెట్టె కంట్లో పడకూడదు" అన్నాడు.

"అంటే ఫోటోలో లైట్లు కనపడవా?" అన్నాడు నాయన.

"కనపడితే చెడిపోద్ది. ఎదురుగా అంత వెలుగుంటే పెట్టె లోపలి అద్దాల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుని, ఎదురు మూల ఇంకో దొంగలైటు పుడుద్ది. లేని లైటు. తలకిందులుగా పడుద్ది."

"లేని లైటు ఎట్టా పడుద్దయ్యా? ఉన్న లైటు పడాలి గానీ!"

చెప్తా ఉన్నాడు ఆయన, వింటే కదా. నాయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "నా ఇంట్లో గాసులైటు వెలిగిందని ఫోటోలో కనపడాల. కనపడకపోతే నాకీ ఫోటో వద్దు, నువ్వు పోయి పడుకో" అన్నాడు. పాస్టరు గారు కూడా సర్దిచెప్పబోయాడు. అన్న నవ్వుతా, "పోనీండయ్యా, ఒకటి కనపడనీయండి, మా నాయన ముచ్చట" అన్నాడు. ఆఖరికి ఒక లైటుని కుడిపక్క చూరుకి వేలాడదీశారు, మిగతావి పెట్టె వెనక్కి పోయినయ్.

ఫోటోగ్రాఫరు మళ్ళీ గుడ్డలో దూరాడు. పెట్టెని కాస్త తిప్పాడు, మళ్ళీ చూశాడు. లోపల్నించే చెయ్యి బయటికి పెట్టి చాప ఎడం కొస చూపించాడు. "దొంగలైటు అదుగో అక్కడ పడుతుంది. ఆ చోట ఎవరూ కూర్చోవద్దు" అన్నాడు. సరేనన్నాం. పాస్టరు గారూ, నాయనా నడిమధ్య కుర్చీల్లో కూర్చున్నారు. పెద్దాయన కుర్చీలో ఉండగా అన్న ఇంకో కుర్చీ వేసుకోడు గదా, కింద చాప మీద నాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అమ్మ చాపకి ఎడంవైపు. అమ్మ వెనక నేను నిలబడ్డా.

"ఇక కదలొద్దు. పెట్టె కంటి మీది మూత తీసి మళ్ళీ పెట్టిందాకా రెప్ప కొట్టొద్దు" అన్నాడాయన. సరిగ్గా ఆయన మూత మీద చెయ్యి వేసేముందు అమ్మ అన్న మోచెయ్యి పట్టుకుని తన పక్కకి లాక్కుంది. "ఇటు రా నాయనా, నా పక్కన కూర్చో, రేపట్నించి ఎవరి పక్కన కూర్చుంటావో" అంది. అన్న జరిగి అమ్మకి అవతల, చాప కొసన కూర్చున్నాడు. నేను చూశాను. నాయనా చూశాడు. నాయన నోరు తెరవబోయాడు గానీ అప్పటికే మూత తీశాడాయన. కదలొద్దన్నాడు కాబట్టి ఎవరం కదల్లేదు.

తెల్లారకముందే అన్న వెళ్ళిపోయాడు. ఫోటో చానా రోజులకి వచ్చింది, పటం కట్టించి తెచ్చాడు నాయన. లైటు లైటులా లేదు, బండి చక్రానికి ఆకులున్నట్టు చుట్టూ తెల్లటి గీతలు. దాని వెలుగు ఫోటో అంతా పొగలా కమ్ముకుంది, చీకటి ఉండాల్సిన చోట కూడా బూడిదరంగే. ఎడంపక్క కింద, అన్న మొహం మీద, చిన్న తలకిందుల లైటు. దాని వెనక ముక్కు లేదు, కళ్ళు లేవు, నోరు లేదు.

విచిత్రం చూడండి, మొదట అందరం సంతోషపడ్డాం! పాస్టరు గారు పటాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, ప్రభువు వెలుగు అబ్బాయి మీద దిగిందన్నాడు. ఇంతమందిలో వాణ్ణే ఎంచుకున్నాడన్నాడు. పల్లెంతా వచ్చి చూసింది. ఊళ్ళోంచి కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి వాకిట్లో నిలబడి చూసిపోయారు. అమ్మ ఆ పటానికి రోజూ దణ్ణం పెట్టుకునేది. దొంగలైటని నాకూ తెలుసు, నాయనకీ తెలుసు. అమ్మ మొహంలో ఆ ఆనందం చూసి మేమిద్దరం నోరు మెదపలేదు.

అన్న దగ్గర్నించి ఉత్తరాలు వచ్చినన్నాళ్ళు వచ్చినయ్, బర్మా వైపు పోతున్నామని రాశాడు, తర్వాత ఆగిపోయినయ్. ఆ తర్వాత మనిషి కనపడడం లేదని కబురు. చచ్చాడనరు, బతికాడనరు. నాయన గుంటూరు పోయి అడిగితే, ఆ పటాలం వెనక్కి వచ్చేటప్పుడు కాయితాలన్నీ తగలబడ్డయ్, ఉండండి చూద్దాం అన్నారు. అప్పట్నించి ఆ వెలుగు అందరికీ ఇంకోరకంగా కనపడటం మొదలైంది. దణ్ణం పెట్టినవాళ్ళే "బతికున్నోడి మొహం అట్టా చెరిగిపోద్దా? అప్పుడే అనుకున్నా" అన్నారు. ఛీ, మనుషులు!

ఇక అమ్మ నాయన మీద పడింది. "నీ లైటు నా బిడ్డ మొహం తినేసిందయ్యా. నీ దరిద్రపు లైటు!" లేస్తే అదే మాట, కూర్చుంటే అదే మాట. నాయన ఒక్కసారి, ఒక్క మాట అంటే చాలు, నువ్వే గదే వాణ్ణి అటు లాగింది అని. అనలేదు. తనదే తప్పన్నట్టు తలొంచుకుని పొలం పోయేవాడు. మా నాయన కోపిష్టి, చిన్నదానికే కర్ర తీసే మనిషి. ఆ ఒక్క విషయంలో మాత్రం కడదాకా అమ్మ మాట పడ్డాడు.

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని నరసరావుపేట పోయాడు. ఆ లైటు తీసేసి అడుగునున్న మొహం బయటికి తీయమని అడిగాడు. ఫోటోగ్రాఫరు ఆ ఫోటో పడిన గాజుపలక వెతికి తెచ్చి కిటికీకి ఎత్తి చూపించాడు. "ఇదుగో, ఈ మచ్చ గీకితే పోద్ది. పోతే మిగిలేది ఉత్త గాజు. వెలుగే అంతా కాల్చేసింది, దీని కింద మొహం లేదు. కావాలంటే పెన్సిలుతో కళ్ళూ ముక్కూ గీస్తా, చానామందికి గీశా, ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు. కళ్ళు ఎట్టా ఉంటాయో చెప్పమన్నాడు. పెద్ద కళ్ళు అన్నాడు నాయన. కాదు, చిన్నవి, నవ్వితే మూసుకుపోతయ్ అన్నాను నేను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. నా మొహం చూసి గీయొచ్చని ఆ పూట ఎవరికీ తట్టలేదు. మొన్నటిదాకా ఇంట్లో తిరిగిన మనిషి! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గీయొద్దులే అని నాయన పలక అక్కడే వదిలేసి లేచాడు. 

యుద్ధం అయిపోయింది. పటాలానికి పోయినవాళ్ళు ఒక్కొక్కరే రాసాగారు. ఫలానా పల్లెకి ఒకడొచ్చాడంటే అమ్మ పటం చంకన పెట్టుకుని పోయేది. క్రోసూరు దాకా నడిచింది. వాళ్ళు పటం చూసేవాళ్ళు, అమ్మని చూసేవాళ్ళు, మంచినీళ్ళిచ్చి పంపించేవాళ్ళు.

అప్పుడొక మనిషి తనంతట తనే వచ్చాడు. దాచేపల్లి అవతలి వాడంట. ఖాకీ చొక్కా, బక్క మనిషి, ఎండలో నడిచొచ్చి వాకిట్లో కూలబడ్డాడు. నీళ్ళు తాగి, మా అన్న పేరు చెప్పి, ఆ ఇల్లు ఇదేనా అన్నాడు. అమ్మ చేతిలో చేట జారిపడింది.

"మా పటాలంలో ఆ పేరుగల వాళ్ళు ఇద్దరుండేవాళ్ళు పెద్దమ్మా" అన్నాడు. "ఇద్దరిదీ పల్నాడే. ఇద్దర్లో ఒకడు జొరమొచ్చి పోయాడు. నా చేతుల్తో పూడ్చాను. రెండోవాణ్ణి లారీలో ఆసుపత్రికి తీసకపోయారు, వాడు బతికే ఉండొచ్చు. మీ వాడు ఏ ఒక్కడో తెలుసుకుందామని వచ్చా."

మా పల్లెల్లో పిల్లలకి పెట్టేది ఆ నాలుగు పేర్లే. ఎవరికి తెలుసు అట్టా అవుద్దని? అమ్మ అడగడం మొదలుపెట్టింది. పొడుగరా? ఇద్దరూ పొడుగే. పాటలు పాడేవాడా? ఇద్దరూ పాడేవాళ్ళే, పక్కపక్కనే పడుకుని ఒకే పాట పాడేవాళ్ళు. మోకాలి మీద కొడవలి గాటు? ప్యాంట్లు తొడుక్కునే వాళ్ళం పెద్దమ్మా, మోకాళ్ళు ఎవరు చూశారు.

"ఫోటో ఏమన్నా ఉందా?" అన్నాడు.

ఆ మాటకి నాయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అమ్మ పటం తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని గుమ్మం దగ్గరికి, ఎండలోకి తీసకపోయాడు. అటు వంచాడు, ఇటు వంచాడు. అన్న మొహం దగ్గర అద్దాన్ని బొటనవేలితో రుద్దాడు. మరకనుకున్నాడు పాపం. పోలేదు. చొక్కా కొసతో తుడిచాడు. నేను చెప్పాను, "అది పోదన్నా. లోపలే ఉంది" అని. పటం అట్టాగే పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు అమ్మకి పిచ్చి ఎక్కినట్టయింది. "ఏమే, ఇట్రా!" అని నా జబ్బ పట్టి లాగింది. నాయన తలగుడ్డ దండెం మీంచి తీసి, నా జడ లోపలికి దోపి, నా తలకి చుట్టింది. నేను వయసుకొచ్చిన పిల్లని, పరాయి మగాడి ముందు! సిగ్గుతో చచ్చిపోయాను. "చూడు నాయనా, అన్నాచెల్లెళ్ళది ఒకటే మొహం. అచ్చు ఇట్టాగే ఉంటాడు. బాగా చూడు. నువ్వు పూడ్చింది ఈ మొహమేనా?"

అతను నా వంక చూశాడు. నేనూ కళ్ళు దించలేదు. లోపల్లోపల మొత్తుకుంటున్నాను, కాదను, కాదను అని. అన్నేళ్ళూ ఏవగించుకున్న నా మొహాన్ని ఆ కాసేపు ఎంత గట్టిగా నిలబెట్టి ఉంచానో నాకే తెలుసు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్.

"కాదు పెద్దమ్మా" అన్నాడు. "నేను పూడ్చింది ఈ మొహం కాదు."

అమ్మ వేసిన కేక పల్లెంతా వినపడి ఉంటుంది. బతికున్నాడు, నా కొడుకు బతికున్నాడు! అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. కోడిని పట్టమంది, అన్నం తిని పొమ్మంది, ఇరుగుపొరుగుని పిలిచింది. నాయన పెరట్లోంచి వచ్చి గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ హడావుడిలో అతను ఎప్పుడు లేచాడో, తినకుండానే వెళ్ళిపోయాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. తలగుడ్డ విప్పి పారేసి రైలుకట్ట వైపు పరిగెత్తాను. మిరపచేలు దాటాక దొరికాడు. నన్ను చూసి ఆగాడు.

"నిజం చెప్పన్నా. నా మొహం చూసి గుర్తుపట్టే చెప్పావా?"

అతను వంగాడు. కట్ట మీది కంకర్రాయి ఒకటి తీసి పక్కకేశాడు.

"మట్టి పోసేటప్పుడు తెలుసు చెల్లెమ్మా, ఎవరో తెలుసు. తర్వాత నాకూ జొరమొచ్చింది. ఎన్నాళ్ళో ఒళ్ళు తెలవకుండా పడున్నా. లేచి చూసుకుంటే ఇద్దరి పేరు మాత్రం గుర్తుంది, ఇద్దరి మొహాలూ లేవు. ఎంత తలుచుకున్నా రావడం లేదు. ఎవర్ని పూడ్చానో నాకే తెలీదు. ఫోటో చూస్తే గుర్తొస్తదేమోనని వచ్చా. మీ అన్న మొహం కనపడుంటే తెలిసేదేమో."

 కట్ట మీదే కూర్చున్నాను. అక్కణ్ణించే అడిగాను, "ఆ రెండో అబ్బాయి ఇంటికి పోయావా?"

"నిన్న పోయా. మాచర్ల అవతల. వాళ్ళకసలు ఫోటోనే లేదు."

"మరి వాళ్ళమ్మకేం చెప్పావు?"

"మీ అమ్మకి చెప్పిందే చెప్పా చెల్లెమ్మా. నేను పూడ్చింది నీ కొడుకు కాదని."

  అతను వెళ్ళిపోయాడు. నేను ఇల్లు చేరేసరికి అమ్మ అన్న మంచం వాకిట్లోకి లాగి, వదులైన నులక బిగిస్తా ఉంది. చానా ఏళ్ళ తర్వాత నవ్వుతా ఉంది. నన్ను చూసి, "ఎటు పోయావే? ఆ కొస పట్టుకుని లాగు. పొడుగు మనిషి, మంచం కుంగితే వాడికి నడుం నొప్పి" అంది.

కొస పట్టుకుని, నాకున్న బలమంతా పెట్టి లాగాను.